సిగ్నల్ పెంచే ముందు నాయిస్ సంగతి చూడు

నల్లగొండ

బిడ్డా,

బావి నీళ్లలో పురుగుమందును పట్టడానికి నువ్వు చేస్తున్న ఆప్టికల్ ఫైబర్ సెన్సర్ గ్రాఫులన్నీ చూశాను. ఫైబర్‌ను ఇంకా సన్నగా చేస్తే సెన్సిటివిటీ పెరుగుతుందా అని అడిగావు. పెరుగుతుంది. కానీ నీ పని ఆగింది అక్కడ కాదని నా అనుమానం.

వక్రీభవన గుణకం (నీళ్లు కాంతిని ఎంత వంచుతాయో చెప్పే అంకె) ఇంత మారితే తరంగదైర్ఘ్యం ఇన్ని వేల నానోమీటర్లు జరిగింది అని పేపర్లలో రాసుకునే అంకె ఉంది చూడు, అది గ్రాఫు వాలు (స్లోప్) మాత్రమే. పత్తి చేను పక్కనున్న బావి నీళ్లలో మందు అవశేషం ఎంత తక్కువున్నా పట్టగలవా అన్నది వేరే లెక్క. మందు లేని నీళ్ల (బ్లాంక్) రీడింగులు ఎంత అటూఇటూ ఊగుతున్నాయో చూసి, ఆ ప్రామాణిక విచలనాన్ని మూడింతలు చేసి, వాలుతో భాగించాలి. నువ్వు పట్టగల కనిష్ఠం అదే. వాలు రెట్టింపై, ఊగడమూ రెట్టింపైతే నీకు మిగిలేది ఏమీ లేదు. చెర్వుగట్టు జాతరలో మైకు సౌండ్ పెంచితే తప్పిపోయిన పిల్లవాడి పేరుతో పాటు డప్పుల మోతా పెరుగుతుంది కదా, అలాగే. మీ గైడ్‌కు పెద్ద అంకె కావాలంటే ఇవ్వు, తప్పులేదు. నువ్వు మాత్రం రెండోదాన్నే నమ్ము.

ఊగడానికి మొదటి కారణం వేడి. గది వేడి దగ్గర నీరు ఒక డిగ్రీ వేడెక్కితే దాని వక్రీభవన గుణకం సుమారు 0.0001 తగ్గుతుంది. చిన్న అంకెలా కనిపిస్తుంది గానీ, లీటరు నీటిలో దాదాపు 600 మిల్లీగ్రాముల ఉప్పు వేసినా వచ్చే మార్పు అంతే. మన మే నెల ఎండల్లో ల్యాబ్ ఏసీ ఆగుతూ సాగుతూ ఉంటే నీ బేస్‌లైన్ అలల్లా రావడంలో వింతేముంది? నువ్వు పంపిన మూడో గ్రాఫులో ఆ అలలు ఒకే ఎడంతో వస్తున్నాయి. అది యాంటీబాడీ (మందు అణువును పట్టుకునే ప్రోటీన్) చేసే పని కాదు, ఏసీ చేసే పని. ప్రోబ్ (ముంచే ఫైబర్ ముక్క) ఉన్న చిన్న పాత్రను నీటి తొట్టిలో నిలకడైన వేడి దగ్గర పెట్టు. పక్కనే యాంటీబాడీ లేని రెండో ఫైబర్‌ను అదే ద్రావణంలో ముంచి, దాని రీడింగును తీసివేయి. బ్రాగ్ గ్రేటింగ్ (ఒక్క తరంగదైర్ఘ్యాన్నే వెనక్కి పంపే గీతల వరస) ఉన్న ఫైబర్ ముక్క దొరికితే ఇంకా మంచిది. 1550 నానోమీటర్ల దగ్గర అది డిగ్రీకి సుమారు 10 పికోమీటర్లు జరుగుతుంది, లోపలి వేడి ఎంతో అదే చెబుతుంది.

ఫ్రిజ్‌లోంచి తీసిన బఫర్‌ను (ఆమ్లత్వం మారకుండా ఉంచే ద్రావణాన్ని) నేరుగా పోయకు. అది వేడెక్కుతున్నప్పుడు కరిగిన గాలి బయటికొచ్చి ఫైబర్ మీద బుడగలుగా అంటుకుంటుంది. ఒక్క బుడగ చాలు, పొద్దంతా చేసిన పని పోతుంది. ల్యాంపునో ఎల్‌ఈడీనో అరగంట ముందే వెలిగించి ఉంచు. ఫైబర్‌ను బల్లకు టేపుతో కదలకుండా అంటించు. కాలు తగిలి వంపు మారినా రీడింగు మారుతుంది.

ఇక ఆకారం సంగతి. ఫైబర్ నడిమి భాగమైన కోర్‌లో పోయే కాంతి, దాని చుట్టూ ఉండే క్లాడింగ్ పొర లేనిచోట కొద్దిగా బయటికి పాకుతుంది. అది చేరేది ఉపరితలం నుంచి మహా అయితే కొన్ని వందల నానోమీటర్ల దూరమే. టేపర్ చేసినా (లాగి సన్నం చేసినా), ఎచింగ్ చేసినా (ఆమ్లంతో కరిగించినా), వంచినా ఆ పాకే భాగాన్ని పెంచడానికే. 125 మైక్రాన్ల ఫైబర్‌ను లాగి కొన్ని మైక్రాన్లకు తెస్తే సెన్సిటివిటీ వస్తుంది గానీ, అది గాలికే తెగుతుంది. నీ పనికి నేనైతే 200 మైక్రాన్ల కోర్ ఉన్న ఫైబర్‌ను యూ ఆకారంలో వంచుతాను. ఐఐటీ బాంబేలో ఇలాంటి ప్రోబ్‌లకు బంగారు నానో కణాలు అంటించి చేసిన పని 2009లో అచ్చయింది, చదువు. వంపు దగ్గర కాంతి బయటికి ఎక్కువ పాకుతుంది, పైగా ప్రోబ్‌ను చిన్న గొట్టంలో ముంచి తీయడం తేలిక.

ఎచింగ్ తప్పదంటే హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం దగ్గర ఒంటరిగా ఉండకు. పలచటిది పడితే వెంటనే మంట కూడా ఉండదు. చర్మం కిందికి దిగి కాల్షియాన్ని పట్టేస్తుంది. మర్రిగూడ, మునుగోడు వైపు మనుషుల ఎముకలను వంచిన ఫ్లోరైడే ఇక్కడా ఉన్నది. కాల్షియం గ్లూకోనేట్ జెల్ చేతికందే దూరంలో లేకపోతే సీసా మూత తీయకు. సీసా అన్నాను గానీ, గాజుది కాదు, ప్లాస్టిక్‌దే.

అసలు లాభం ఉపరితలం దగ్గర ఉంది, నువ్వు దానికి ఇచ్చిన సమయమే తక్కువ. కోటింగ్ వలిచిన ఫైబర్‌ను ఐసోప్రొపనాల్ తడిపిన టిష్యూతో తుడువు, కీచుమని చప్పుడు వస్తే శుభ్రమైనట్టు. తర్వాత సిలేన్, గాజుకు యాంటీబాడీని అతికించే మధ్య పొర. వానాకాలం తేమలో ఎప్పుడో తెరిచిన సీసా వాడితే సిలేన్ తనలో తానే అతుక్కుని గడ్డలు కడుతుంది, మైక్రోస్కోప్ కింద తెల్లటి చుక్కలు కనిపిస్తాయి. పొర మందమైతే యాంటీబాడీ కాంతికి దూరం జరుగుతుంది, కడిగినప్పుడు ఊడిపోతుంది కూడా. తేమలేని టోల్యూయిన్‌లో, తాజా సీసాతో, పలచగా వెయ్యి. యాంటీబాడీ తలకిందులుగా కూర్చుంటే పట్టుకునే చేతులు గోడవైపు ఉండిపోతాయి. ముందు ప్రోటీన్-ఎ వేస్తే అది తోకవైపు పట్టుకుంటుంది. మిగిలిన ఖాళీలను బీఎస్‌ఏతో (ఆవు రక్తంలోని ఒక ప్రోటీన్‌తో) మూసెయ్యి.

నువ్వు పట్టాలనుకుంటున్న పురుగుమందు మోనోక్రోటోఫాస్ అణుభారం 223. యాంటీబాడీది సుమారు 1,50,000. అంత చిన్నది వచ్చి అతుక్కుంటే ఫైబర్‌కు తెలిసేదెంత? అందుకే నేరుగా పట్టే పద్ధతి వదిలేసి పోటీ పద్ధతికి రా. పైన చెప్పిన ప్రోటీన్-ఎ ఇక్కడ అవసరం లేదు. మందు అణువును ఒక ప్రోటీన్‌కు కట్టి ఫైబర్ మీద పరుచు. బంగారు కణాలు అంటించిన యాంటీబాడీని శాంపిల్‌లో కలిపి పొయ్యి. నీళ్లలో మందు ఎంత ఎక్కువుంటే ఫైబర్ మీదికి అంత తక్కువ బంగారం చేరుతుంది. బంగారు కణాలు ఆకుపచ్చ కాంతిని బాగా పీలుస్తాయి కాబట్టి 525 నానోమీటర్ల ఎల్‌ఈడీ, ఒక ఫోటోడయోడ్ చాలు. స్పెక్ట్రోమీటర్ కోసం మీ డిపార్ట్‌మెంట్‌లో క్యూ కట్టాల్సిన టెన్షన్ ఉండదు. ఇక్కడ చాలామంది తిరగేసి చేసే పని ఒకటుంది: సిగ్నల్ బలంగా ఉండాలని యాంటీబాడీ ఎక్కువ వేస్తారు. పోటీ పద్ధతిలో తగ్గించాలి. సిగ్నల్ నాయిస్ మీద స్పష్టంగా కనిపించేంత ఉంచి, ఇక తగ్గించలేనంత తగ్గించు. అప్పుడే కొద్దిపాటి మందు కూడా తేడా చూపిస్తుంది.

కాలిబ్రేషన్ గీత (తెలిసిన మోతాదులకు వచ్చే రీడింగుల గ్రాఫు) బఫర్‌లో ఒకటి, మందు లేదని తెలిసిన బోరు నీళ్లలో ఒకటి గీయి. రెండు వాలులూ కలవకపోతే నమ్మాల్సింది బోరు నీళ్లదే.

ఫ్లోరైడ్ కూడా ఇదే ప్రోబ్‌తో చూడొచ్చా అన్నావు. ఒట్టి ఫైబర్‌తో కుదరదు. తాగునీటికి బీఐఎస్ (భారతీయ ప్రమాణాల సంస్థ) గరిష్ఠ పరిమితి లీటరుకు 1.5 మిల్లీగ్రాములు. వక్రీభవన గుణకంలో అంత ఫ్లోరైడ్ తెచ్చే మార్పు, వేడి డిగ్రీలో వెయ్యో వంతుల్లో మారితే వచ్చేదానితో సమానం. అదీగాక మన నీళ్లలో ఫ్లోరైడ్‌తో పాటు వచ్చే మిగతా ఉప్పులే దానికంటే ఎన్నో రెట్లు. ఫ్లోరైడ్‌నే పట్టే రంగు పదార్థం పైన ఉండాలి, ఫలితాన్ని ఫ్లోరైడ్‌కే స్పందించే అయాన్ సెలెక్టివ్ ఎలక్ట్రోడ్‌తో సరిచూసుకోవాలి. పటికతో శుద్ధి చేసిన నీళ్లయితే మిగిలిన అల్యూమినియం ఫ్లోరైడ్‌ను పట్టుకుని ఉంటుంది, దాన్ని విడిపించే టిసాబ్ బఫర్ కలపకపోతే ఎలక్ట్రోడ్ తక్కువ చూపిస్తుంది. శాంపిళ్లు ప్లాస్టిక్ సీసాల్లోనే తేవాలి. కానీ ఇది రెండో థీసిస్ అవుతుంది బిడ్డా, ముందు మొదటిది కానివ్వు.

ఈ వారంలో ఒట్టి బఫర్‌తో గంటసేపు రికార్డు చేసి, గది వేడిని కూడా అదే కాగితం మీద గీసి పంపు. అది చూశాక యాంటీబాడీ ఎంత కొనాలో మాట్లాడుకుందాం, అప్పటిదాకా ఆర్డర్ పెట్టకు. అక్కను, బావను అడిగానని చెప్పు.

నీ మేనమామ