శాంటానా అంటే ఒక మనిషా, బ్యాండా? వినడం ఎక్కడ మొదలుపెట్టాలి?

'స్మూత్' ఒక్కటే విన్నానని, శాంటానా అంటే గిటారిస్టు కార్లోస్ శాంటానా ఒక్కడేనా అని అడిగారు. నేనూ అదే పాటతో మొదలుపెట్టినవాడినే. నన్నడిగితే, తొలి రోజుల శాంటానా అచ్చంగా ఒక అమెరికన్ రాక్ బ్యాండ్. దాని ప్రాణమంతా తాళవాద్యాల్లోనే ఉంది.

చిన్నప్పుడు నేను ఏడేళ్లు మృదంగం నేర్చుకున్నాను. 2000లో కాకినాడలో ఇంజినీరింగ్ చదువుతుంటే హాస్టల్లో ఒక సీనియర్ శాంటానా 'అబ్రాక్సస్' క్యాసెట్ పెట్టాడు. 1970లో వచ్చిన ఆల్బమ్ అది. అందులో 'ఓయే కోమో వా' అసలు లాటిన్ సంగీతకారుడు టీటో ప్యుయెంటే చేసిన చా-చా-చా (క్యూబా నాట్య సంగీతం) పాట. రూమంతా గిటార్ వింటుంటే, నా వేళ్లు మంచం పట్టె మీద కాంగా (చేతులతో వాయించే పొడవాటి డ్రమ్) దెబ్బల్ని వెతుక్కున్నాయి. లెక్క నాలుగే, చేత్తో తాళం వేసుకుంటూ పోవచ్చు. కానీ దెబ్బ నేను అనుకున్న చోట పడదు. తాళం మొదలైన కాసేపటికి పాట ఎత్తుకోవడాన్ని మనం అనాగతం అంటామే, దాదాపు ఆ రుచి. ఆ రాత్రి క్యాసెట్ ఎన్నిసార్లు వెనక్కి తిప్పానో!

వీళ్లు 1966లో శాన్ ఫ్రాన్సిస్కోలో బ్లూస్ బ్యాండ్‌గా మొదలయ్యారు. కార్లోస్ మెక్సికోలో పుట్టాడు, వాళ్ల నాన్న మరియాచీ (మెక్సికో జానపద సంగీతం) వయొలినిస్టు. టింబాలేస్ (పుల్లలతో కొట్టే లోహపు డ్రమ్ములు) వాయించే చెపితో ఆరియాస్‌ది నికరాగ్వా. కాంగాల మీద మైఖేల్ కారబెల్లో. ఆ రోజుల్లో ఎక్కువ పాటలు పాడింది కార్లోస్ కాదు, ఆర్గన్ వాయించే గ్రెగ్ రోలీ. ఈ సంగతి చాలామందికి తెలియదు.

1969 ఆగస్టు 16న అమెరికాలో జరిగిన భారీ సంగీతోత్సవం వుడ్‌స్టాక్ వేదిక ఎక్కేనాటికి వాళ్ల మొదటి ఆల్బమ్ ఇంకా బజారులోకే రాలేదు. అక్కడ వాయించిన 'సోల్ శాక్రిఫైస్' వీడియో తప్పకుండా చూడండి. డ్రమ్మర్ మైఖేల్ ష్రీవ్‌కి అప్పుడు ఇరవై ఏళ్లే. సోలో మధ్యలో శబ్దాన్ని గుసగుసంత సన్నగా తగ్గించేస్తాడు, అంత జనం ముందు! మన కచేరీల్లో మృదంగం ఒంటరిగా మోగే తని ఆవర్తనం విన్న చెవికి అది ఎంత ధైర్యమో అర్థమవుతుంది.

'అబ్రాక్సస్', 1971లో వచ్చిన మూడో ఆల్బమ్, రెండూ అమెరికాలో నంబర్ వన్ అయ్యాయి. ఆ వెంటనే బ్యాండ్ చీలింది. కార్లోస్ మనసు జాజ్ వైపు మళ్లింది. 1972లో 'కారవాన్‌సెరాయ్' విని, రికార్డు కంపెనీ పెద్ద క్లైవ్ డేవిస్ కెరీర్‌ను చేజేతులా చంపుకుంటున్నావని హెచ్చరించాడు. నాకు మాత్రం అది చాలా ఇష్టం. రోలీ, పదిహేడేళ్లకే బ్యాండ్‌లో చేరిన గిటారిస్టు నీల్ షోన్ బయటికెళ్లి 'జర్నీ' అనే బ్యాండ్ పెట్టారు. కార్లోస్ ఆధ్యాత్మిక గురువు శ్రీ చిన్మయ్‌కి శిష్యుడై దేవదీప్ అని పేరు పెట్టుకున్నాడు.

మళ్లీ నంబర్ వన్ ఆల్బమ్ రావడానికి 28 ఏళ్లు పట్టింది. 1999 నాటి 'సూపర్‌నేచురల్' అది. దాని వెనక ఉన్నదీ అదే క్లైవ్ డేవిస్! అందులోని 'స్మూత్' అమెరికా పాటల జాబితాలో 12 వారాలు మొదటి స్థానంలో ఉంది. మంచి ఆల్బమే, కానీ పాటపాటకీ అతిథి గాయకులు మారుతుంటారు, పాత బ్యాండ్ జాడ దొరకదు.

అందుకే మీరు మొదటి మూడు ఆల్బమ్‌లు వరుసగా వినండి, ఆ తర్వాత 'కారవాన్‌సెరాయ్'. రోలీ, షోన్, ష్రీవ్, కారబెల్లో మళ్లీ కలిసి చేసిన 2016 నాటి 'శాంటానా ఫోర్' ఆఖరికి ఉంచుకోండి. మొదటిసారి గిటార్‌ని వదిలేసి కాంగా వెంట పడండి.