ఒక్క మోకాలే వాచి వేడెక్కితే ఆగొద్దు

చిరంజీవి మాధవికి, ఆశీస్సులు.

అమ్మకు కీళ్లవాతానికి స్టెరాయిడ్ మొదలుపెట్టారని, షుగర్ కూడా ఉందని రాశావు. ఇన్నేళ్లు ఎముకల వార్డులో పనిచేసిన నాకు అలాంటివాళ్ల విషయంలో అన్నిటికన్నా భయం కీలులో చీము పట్టడమే. దాని గురించి నీకు ముందే చెప్పాలనిపించింది.

కీళ్లవాతం సాధారణంగా రెండు వైపులా, చాలా కీళ్లను పట్టుకుంటుంది. అలాంటి మనిషికి ఒక్క మోకాలే ఉన్నట్టుండి వాచి, చెయ్యి పెడితే వేడిగా తగిలి, కొంచెం కదిపినా ఓర్చుకోలేకపోతే, 'పాత జబ్బే తిరగబెట్టింది' అనుకోవద్దు. ఇంట్లోవాళ్లే కాదు, డాక్టర్లు కూడా పొరబడేది ఇక్కడే. జ్వరం లేదు కదా అని ధైర్యపడకు. చాలామందికి జ్వరం రాదు, స్టెరాయిడ్ వాడేవాళ్లకు మరీనూ.

కీలు లోపలి పొరకు రక్తం బాగా అందుతుంది, కానీ క్రిములను ఆపే అడ్డు అక్కడ లేదు. కాలి పుండు నుంచో, మరో ఇన్ఫెక్షన్ నుంచో రక్తంలో చేరిన బాక్టీరియా సులువుగా లోపలికి దిగుతుంది. ఎక్కువగా దొరికేది స్టెఫిలోకాకస్ ఆరియస్, మామూలుగా ముక్కులో, చర్మం మీద ఉండేదే. ముసలితనం, షుగర్, ముందే దెబ్బతిన్న కీలు, రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు, మార్పిడి చేసిన కీలు, ఇవన్నీ దానికి దారి ఇచ్చేవే. అమ్మకు వీటిలో కొన్ని ఉన్నాయి కాబట్టి పాదాలు రోజూ చూడు, చిన్న పుండునైనా వదిలేయకు.

అలాంటి వాపు కనిపిస్తే అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లు. ఇంట్లో మిగిలిన యాంటీబయాటిక్ మాత్ర మాత్రం వెయ్యకు. ముందు సూదితో కీలులోని నీరు తీసి కల్చర్‌కు, అంటే క్రిమిని పెంచి గుర్తుపట్టే పరీక్షకు, పంపాలి. మందు ముందే పడితే ఏ క్రిమో తేలకపోవచ్చు. మొదట్లో ఎక్స్‌రే మామూలుగానే ఉండొచ్చు, రక్తపరీక్ష ఒక్కటే తేల్చలేదు. 'నీరు తీసి చూస్తారా' అని నువ్వే అడుగు, మొహమాటపడకు. నీటిలో గౌట్ (యూరిక్ యాసిడ్ పేరుకుని కీళ్లు వాచే జబ్బు) స్ఫటికాలు కనిపించినా కల్చర్ రిపోర్టు వచ్చేదాకా వదలొద్దు, రెండూ కలిసి ఉండొచ్చు. అయితే మనిషి మగతగా ఉండి బీపీ పడిపోతుంటే డాక్టర్లు యాంటీబయాటిక్ వెంటనే మొదలుపెడతారు, అప్పుడు అడ్డు చెప్పకు.

చీము ఉందని తేలితే దాన్ని బయటికి తీసెయ్యాలి, సూదితోనో ఆపరేషన్‌తోనో. యాంటీబయాటిక్ ముందు నరంలోకి ఎక్కించి, తర్వాత మాత్రలుగా ఇస్తారు. మామూలుగా మొత్తం 4 నుంచి 6 వారాలు. నొప్పి తగ్గిందని మధ్యలో ఆపనివ్వకు. కీళ్లవాతం మందులు కొన్నాళ్లు ఆపాలా అని డాక్టర్‌ను అడుగు, కానీ స్టెరాయిడ్‌ను మీ అంతట మీరు ఒక్కసారిగా ఆపితే ప్రమాదం.

నీ దగ్గర దాచను. ఈ జబ్బు వచ్చిన పెద్దవాళ్లలో సుమారు 10 శాతం మంది ప్రాణాలు పోతాయి. బతికినవాళ్లలో చాలామందికి కీలు బిగుసుకుపోతుంది, ఎందుకంటే కీలులో ఎముకల చివర ఉండే నున్నటి పొర, మృదులాస్థి, కొద్ది రోజుల్లోనే కరిగిపోతుంది. అందుకే గంటలు లెక్కపెట్టమంటున్నాను. వాపు దిగాక ఫిజియోథెరపీకి బద్ధకించనివ్వకు.

ఇదంతా అమ్మకు కూడా చెప్పి ఉంచు. రాత్రిపూట నిన్ను లేపడం ఎందుకని తెల్లారేదాకా నొప్పి ఓర్చుకునే మనిషి తను.

నీ పెద్దనాన్న