రేషన్ బియ్యంలో తేలే గింజలు ప్లాస్టిక్కేనా? ఆ వీడియోలు ఆపించాలా? ఉచిత బియ్యం ఎత్తేయాలా?

మీరు ఒకే ప్రశ్నలో మూడు అడిగారు. నీళ్లపై తేలే ఆ గింజలున్న బియ్యం తినొచ్చా, "ప్లాస్టిక్ బియ్యం" వీడియోలు పెట్టేవాళ్ల మీద ప్రభుత్వం నిషేధం పెట్టొద్దా, ఎలాగూ జనం అమ్ముకుంటున్నారు కదా, ఇక ఉచిత బియ్యం దేనికి అని. నా లెక్కలో ఈ మూడూ ఒక్కచోటే ముడిపడి ఉన్నాయి: డీలరు తూకం వేసి మన సంచిలో పోసేచోట. అక్కడికి తర్వాత వస్తాను. ముందు గింజ సంగతి.

ఆ గింజలను మిల్లుల్లో ఎఫ్‌ఆర్‌కే అంటారు, అంటే ఫోర్టిఫైడ్ రైస్ కెర్నెల్స్. నూకలు పిండి ఆడించి, అందులో ఇనుము, ఫోలిక్ ఆమ్లం, బి12 ఉన్న పొడి కలిపి, తడిపి, జంతికల గొట్టంలో పిండి నొక్కినట్టు యంత్రంలో వేడిమీద నొక్కుతారు. బయటికొచ్చిన దాన్ని బియ్యపు గింజంత ముక్కలుగా కోసి ఆరబెడతారు. 100 కిలోల మామూలు బియ్యానికి ఇవి ఒక కిలో. ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (దేశంలో ఆహార ప్రమాణాలు పెట్టే సంస్థ) ప్రమాణం ప్రకారం కలిపాక కిలో బియ్యంలో ఇనుము 28 నుంచి 42.5 మిల్లీగ్రాములు, ఫోలిక్ ఆమ్లం 75 నుంచి 125 మైక్రోగ్రాములు, బి12 0.75 నుంచి 1.25 మైక్రోగ్రాములు ఉండాలి. ప్రభుత్వ పథకాల్లో ఈ బియ్యమే ఇస్తామని 2021 ఆగస్టు 15న ప్రధాని ఎర్రకోట మీద ప్రకటించారు. 2024 మార్చికల్లా రేషన్, మధ్యాహ్న భోజనం, అంగన్‌వాడీల బియ్యమంతా ఇలా మారింది.

గుర్తుపట్టడం కష్టం కాదు. 100 గ్రాముల బియ్యం నల్లటి పళ్లెంలో పరిచి కిటికీ దగ్గర కూర్చోండి. మామూలు గింజ వెలుతురుకి కాస్త అద్దంలా మెరుస్తుంది. దాని ఒక కొసన చిన్న గాటు ఉంటుంది, మిల్లులో మొలకభాగం ఊడిపోయిన చోటు అది. ఎఫ్‌ఆర్‌కేకి ఆ గాటు ఉండదు. రెండు కొసలూ నునుపుగా, ఒళ్లంతా సుద్దముక్కలా మసకగా, కాస్త పసుపు జీరతో ఉంటుంది. సరిగ్గా కలిపిన బియ్యమైతే ఆ పళ్లెంలో ఇవి గ్రాము బరువు, అంటే దాదాపు యాభై గింజలు దొరకాలి. లోపల సన్నటి గాలి ఖాళీలు ఉంటాయి కాబట్టి కడిగేటప్పుడు కొన్ని తేలతాయి. తేలినవి ఏరి పారబోస్తే, ఏ మందు కోసం అంత ఖర్చు పెట్టారో ఆ మందే పారబోసినట్టు.

అనుమానం తీరకపోతే పది గింజలు ఏరి అరగంట నానబెట్టి వేళ్ల మధ్య నలపండి. పిండిలా చితికిపోతాయి. ప్లాస్టిక్ చితకదు. ఇంకా కావాలంటే మందుల షాపులో దొరికే అయొడిన్ చుక్క వేయండి, నీలి నలుపుకి తిరుగుతుంది. అది పిండిపదార్థం గుర్తు. నిప్పులో వేస్తే బియ్యం మాడి బొగ్గవుతుంది, ప్లాస్టిక్ కరిగి సాగుతుంది. వీడియోల్లో చూపించే "అన్నం ముద్ద బంతిలా ఎగిరింది" అన్నది పరీక్షే కాదు. జిగురున్న ఏ అన్నాన్ని గట్టిగా పిసికి కొట్టినా ఎగురుతుంది. అసలు ప్లాస్టిక్ గుళికలు కిలో బియ్యం కంటే ఖరీదు. నష్టానికి కల్తీ చేసే వ్యాపారి ఎక్కడుంటాడు?

నిజంగా తప్పు జరిగేది కలపడంలో. యంత్రంలో కొలత ప్రకారం పడాల్సిన గింజల్ని పారతో పైపైన కలిపేస్తే, ఒక బస్తాలో గుప్పెడు గుప్పెడు వస్తాయి, పక్క బస్తాలో ఒక్కటీ ఉండదు. మీ పళ్లెంలో యాభైకి బదులు రెండొందలు కనిపిస్తే ఫిర్యాదు చేయాల్సింది దానిమీద. తలసేమియా, సికిల్ సెల్ ఉన్నవాళ్లు మాత్రం డాక్టరుని అడిగి తినాలి. సికిల్ సెల్ ఉన్న ఏజెన్సీ గ్రామాల్లో ఈ మాట డీలరే చెప్పాలి.

ఇక వంట. "కంట్రోల్ బియ్యం ముద్దయిపోతాయి" అనే మాటకి కారణం ఎఫ్‌ఆర్‌కే కాదు, నూకలు. ప్రభుత్వం సేకరించే పచ్చి బియ్యంలో 25 శాతం దాకా నూకకి అనుమతి ఉంది. అంటే 5 కిలోల్లో కిలోంబావు దాకా నూక ఉన్నా నిబంధన తప్పినట్టు కాదు. నూక ముందు ఉడికి జిగురు వదిలేస్తుంది, అప్పటికి గింజ ఇంకా పలుకు మీదే ఉంటుంది. గింజ ఉడికేదాకా ఉంచితే నూక గంజైపోయి మొత్తం ముద్ద. కాబట్టి ఇంటికి తెచ్చిన రోజే రవ్వ జల్లెడ పట్టండి. నూక కిందికి దిగుతుంది, ఎఫ్‌ఆర్‌కే గింజంత ఉంటుంది కాబట్టి పైనే ఉంటుంది. దిగిన నూకని విడిగా డబ్బాలో పోయండి. గ్లాసు నూకకి పిడికెడు పెసరపప్పు, రెండున్నర గ్లాసుల నీళ్లు పెడితే ఉప్మా. ఎనిమిది గ్లాసులు పోస్తే జావ.

పైన మిగిలిన గింజని రెండుసార్లే కడగండి. అరగంట నానాక కుక్కర్లో గ్లాసుకి రెండున్నర గ్లాసుల నీళ్లు, కొత్త బియ్యమైతే రెండుంబావు. ఒక చెంచా నూనె, మూడు విజిల్స్. ఆవిరి దానంతటదే దిగాక మూత తీసి, వెడల్పాటి పళ్లెంలోకి ఆరబోయండి. కుక్కర్లోనే వదిలేస్తే అడుగుది చెమ్మకి మళ్లీ అంటుకుంటుంది. గంజి వార్చే అలవాటుంటే గ్లాసుకి ఆరు గ్లాసుల ఎసరు, మరిగాకే బియ్యం పోయాలి. మెతుకు నలిపితే మధ్యలో సూదిమొనంత పలుకు తగలగానే వార్చి, మూతపెట్టి సన్నమంట మీద ఐదు నిమిషాలు. ఫోలిక్ ఆమ్లం, బి12 నీళ్లలో కరిగేవి కాబట్టి వాటిలో కొంత గంజితోపాటు పోతుంది. ఉప్పు, మజ్జిగ కలుపుకుని తాగితే మీకు, కుడితిలో పోస్తే గేదెకి.

పులిహోరకి, బిర్యానీకి ఇవి పనికిరావు, ఆశ పెట్టుకోకండి. దోసెకి మాత్రం సోనా మసూరి కంటే ఇవే మేలు. మూడు గ్లాసుల బియ్యం, గ్లాసు మినప్పప్పు, చెంచా మెంతులు, ఐదారు గంటల నానుడు, రాత్రంతా పులుపు. రాయలసీమ సంగటికైతే ఆ జిగురే కావాలి: గ్లాసు బియ్యం ఐదు గ్లాసుల నీళ్లలో మెత్తగా ఉడికాక గ్లాసు రాగిపిండి పోసి, కలపకుండా పది నిమిషాలు మగ్గనిచ్చి, అప్పుడు తెడ్డుతో గెలకాలి.

ముక్కుపురుగు పడితే చాలామంది చేసే తప్పు, మిట్టమధ్యాహ్నం ఎండలో పోయడం. గింజ పగిలి నూక ఇంకా పెరుగుతుంది. నీడలో పలచగా పరిస్తే పురుగులు వాటంతటవే పోతాయి. తర్వాత చెరిగి, ఎండిన వేపాకు వేసి గట్టి మూత పెట్టండి. బోరిక్ పొడి కలపొద్దు. గోదాముల్లో వాడే బిళ్లలు ఇంట్లో అస్సలు పెట్టొద్దు; వాటి గాలి మూసిన గదిలో ప్రాణం తీస్తుంది.

రెండో ప్రశ్న. వీడియోలు పెట్టేవాళ్లని శిక్షించాలా? నేను వద్దంటాను. ఏది అబద్ధమో తేల్చే అధికారం ప్రభుత్వం చేతిలో పెడితే, "ప్లాస్టిక్ బియ్యం" వీడియోతో పాటు "తూకంలో అరకిలో తక్కువిచ్చారు" అనే వీడియో కూడా పోతుంది. మొదటిది అబద్ధం, రెండోది ఊళ్లో అందరికీ తెలిసిన నిజం. ఆన్‌లైన్‌లో "నొప్పించే" రాతలకి జైలుశిక్ష పెట్టిన ఐటీ చట్టం 66ఏ సెక్షన్‌ని సుప్రీంకోర్టు 2015 మార్చిలో కొట్టేసింది, అందులోని మాటలు మరీ అస్పష్టంగా ఉండి ఎవరిమీదైనా వాడేలా ఉన్నాయనే. తన గురించి వచ్చిన వార్తల్లో ఏది నకిలీయో కేంద్రమే తేల్చేలా పెట్టుకున్న ఫ్యాక్ట్ చెక్ యూనిట్ నిబంధనని బాంబే హైకోర్టు 2024 సెప్టెంబరులో కొట్టేసింది. నాకు నచ్చిన కట్టడి వాట్సాప్‌ది. 2018లో మన దేశంలో ఫార్వర్డ్‌ని ఐదు చాట్లకి పరిమితం చేసింది. 2020 ఏప్రిల్ నుంచి, చాలాసార్లు చేతులు మారిన సందేశాన్ని ఒకసారికి ఒక్క చాట్‌కే పంపగలం. లోపల ఏముందో చూడదు, పరుగు మాత్రం తగ్గిస్తుంది. రెండు బాణాల గుర్తు కనిపిస్తే, పంపినవాళ్లతో వాదించే బదులు మీ పళ్లెంలో అయొడిన్ చుక్క వేసి ఫొటో తీసి అదే గ్రూపులో పెట్టండి. వాదనకి లొంగనివాళ్లు నీలిరంగుకి లొంగుతారు.

అన్నింటికంటే చేటు ఇంటర్నెట్టే ఆపేయడం. 2022 మేలో అమలాపురం అల్లర్ల తర్వాత కోనసీమలో రోజుల తరబడి ఆపారు. గడువు లేకుండా ఆపకూడదని, ఉత్తర్వులు బయటపెట్టాలని సుప్రీంకోర్టు 2020 జనవరిలోనే చెప్పింది. రేషన్ షాపులో ఈ-పాస్ మిషన్ వేలిముద్ర సరిచూసేది నెట్‌వర్క్ మీదే. సిగ్నల్ లేకపోతే ముద్ర పడదు, ముద్ర పడకపోతే బియ్యం కదలవు. పుకారు ఆపడానికి నెట్ ఆపితే, ముందు ఆగేది పేదవాడి ఎసరు.

ఇప్పుడు ఆ ముడి. ఫోర్టిఫైడ్ బియ్యం బస్తా మీద +ఎఫ్ గుర్తు ఉంటుంది, ఏమేం కలిపారో రాసి ఉంటుంది. కానీ ఆ బస్తా మన ఇంటికి రాదు. డీలరు దగ్గరే విప్పి, మన సంచిలో విడిగా పోస్తారు. సమాచారం గోనెతో పాటు షాపులోనే మిగిలిపోతుంది, గింజ మాత్రం ఇంటికొస్తుంది. చెప్పేవాడు లేని గింజకి కథ వాట్సాప్ అల్లుతుంది. ఈ-పాస్ రసీదు కింద "పసుపు గింజలు పోషకాల గింజలు, పారబోయకండి" అని ఒక్క వాక్యం అచ్చేయడానికి కొత్త చట్టం అక్కర్లేదు.

మూడోది, ఉచితం సంగతి. 2013 ఆహార భద్రత చట్టం కింద మనిషికి నెలకి 5 కిలోలు, అంత్యోదయ కార్డుకి 35 కిలోలు. 2023 జనవరి నుంచి ఆ బియ్యానికి డబ్బు తీసుకోవడం లేదు. 2024 జనవరి నుంచి మరో ఐదేళ్లకి పొడిగించారు. మన దగ్గర 1983లో ఎన్టీఆర్ రెండు రూపాయల బియ్యంతో మొదలై, ధర పెరిగి తగ్గి, 2011 నవంబరుకి రూపాయికొచ్చింది. రూపాయికీ సున్నాకీ మధ్య తేడా మీద టీవీల్లో గంటలు కొట్టుకుంటారు గానీ, అసలు లెక్క వేరేచోట ఉంది. 2025-26కి సాధారణ రకం వడ్ల మద్దతు ధర క్వింటాలుకి 2,369 రూపాయలు. క్వింటాలు వడ్లకి మిల్లరు ఇవ్వాల్సిన పచ్చి బియ్యం 67 కిలోలు. మిల్లింగు, రవాణా, గోదాము ఏవీ కలపకముందే కిలో 35 రూపాయలు దాటింది. ఆ 35 వడ్ల ధరే, అంటే రైతుకి వెళ్లేది. పథకం ఎత్తేయమనేవాళ్లు ఆ వడ్లు ఎవరు కొంటారో కూడా చెప్పాలి.

ఆ బియ్యాన్నే కార్డుదారు పదికో పదిహేనుకో అమ్మేస్తే డబ్బు పోయినట్టే, ఒప్పుకుంటాను. అలా పోగైనది మిల్లులో మళ్లీ పాలిష్ అయి ప్రభుత్వానికే తిరిగొస్తుంది, లేదా రేవు దాటుతుంది. 2024 నవంబరులో కాకినాడ తీరంలో స్టెల్లా ఎల్ నౌకలో దొరికింది ఇదే. అమ్ముకునేవాళ్లని తిట్టేముందు వాళ్లు బజారులో ఏం కొంటున్నారో చూడండి: సన్నబియ్యం. తినే బియ్యం ఇస్తే అమ్మరు. తెలంగాణ 2025 ఉగాదికి హుజూర్‌నగర్‌లో మనిషికి 6 కిలోల సన్నబియ్యం మొదలుపెట్టింది. అంతకుముందు వానాకాలం నుంచే సన్నవడ్లకి క్వింటాలుకి 500 బోనస్ ప్రకటించింది. నా దృష్టిలో విజిలెన్స్ దాడుల కంటే ఇదే గట్టి తాళం.

అయితే ఇది ఖర్చుతో పాటు పంటకి సంబంధించిన చిక్కు కూడా. సన్నరకం బీపీటీ 5204 చేతికి రావడానికి 150 రోజులు పడుతుంది, దొడ్డు రకాల్లో లెక్కేసే ఎంటీయూ 1010కి 120 చాలు. పైగా యాసంగి వడ్లు ఎండదెబ్బకి మిల్లులో విరిగి నూకవుతాయి. అలా విరగకుండా వడ్లు ఉడకబెట్టి చేసే ఉప్పుడు బియ్యాన్ని కొనే విషయంలో కేంద్రంతో తెలంగాణకి జరిగిన గొడవకి మూలం అదే. ఏడాదంతా సన్నబియ్యం అందాలంటే ఆర్‌ఎన్‌ఆర్ 15048 లాంటి తక్కువ కాలపు సన్నరకాలు పెరగాలి. నూక 25 శాతం అనే పరిమితి కూడా తగ్గాలి. లేకపోతే పేరు సన్నబియ్యం, పళ్లెంలో సన్న నూక.

ఈ నెల షాపుకి వెళ్లినప్పుడు బస్తా విప్పకముందే +ఎఫ్ గుర్తు, మిల్లు చీటీ ఫొటో తీసుకోండి. తూకం అయ్యాక రసీదు అడిగి, అందులోని కిలోలూ సంచిలోని కిలోలూ ఒకటో కాదో మరోచోట తూచి చూడండి. తేడా వస్తే 1967కి ఫోన్ చేసి రసీదు నంబరు చెప్పండి.