వ్యాపారం మీద పరిశోధన ఎవరికి పనికొస్తుంది?

ప్రశ్న: కల్వకుర్తిలో ముప్పై ఏళ్లుగా విత్తనాలు, ఎరువుల దుకాణం నడుపుతున్నాను. ఎంబీఏ పూర్తిచేసిన మా అమ్మాయి ఇప్పుడు వ్యాపార నిర్వహణలో పీహెచ్‌డీ చేస్తానంటున్నది. వ్యాపారం గల్లాపెట్టె దగ్గర కూర్చుంటేనే వస్తుందని నా నమ్మకం. ఆచార్యులు రాసిన పత్రాలను ఆచార్యులే చదువుకుంటారు కదా! వాటివల్ల మాబోటి వారి నిత్యజీవితానికి ఒరిగేదేమిటి?
— ఒక పాఠకుడు, కల్వకుర్తి

జవాబు: మీ అనుమానంలో సగం న్యాయమే. వందమందికి ఒకే ప్రశ్నావళి పంచి, ‘వినియోగదారుల సంతృప్తి’ అని పేరు పెట్టి, బైండు చేయించి బీరువాలో పెట్టే సిద్ధాంత గ్రంథాలు మన విశ్వవిద్యాలయాలలో తక్కువేమీ లేవు. వాటిని నేను వెనకేసుకురాను. అయితే మీ పాలమూరు రైతుల మధ్యనే జరిగిన ఒక పరిశోధన గురించి చెబితే, మిగిలిన సగం గురించి మీరు మరోసారి ఆలోచిస్తారని ఆశ.

పటాన్‌చెరులోని అంతర్జాతీయ మెట్ట పంటల పరిశోధనా సంస్థ ఇక్రిశాట్ 1975లో కొన్ని గ్రామాలను ఎంచుకుని, ఇంటింటి రాబడి, ఖర్చు ఏళ్ల తరబడి నమోదు చేయించడం మొదలుపెట్టింది. అప్పటి మహబూబ్‌నగర్ జిల్లాలోని ఔరేపల్లి, డోకూరు వాటిలో ఉన్నాయి. ఔరేపల్లితో పాటు మహారాష్ట్రకు చెందిన రెండు ఊళ్ల లెక్కలను పరిశీలించి రాబర్ట్ టౌన్‌సెండ్ అనే ఆర్థికవేత్త 1994లో ఒక పత్రం ప్రచురించారు. ఒక ఇంటి రాబడి దెబ్బతిన్న ఏడాది ఆ ఇంటి వాడకం అదే మోతాదులో పడిపోవడం లేదని, అది చాలావరకు ఊరి సగటు వాడకాన్ని అనుసరించే నడుస్తున్నదని అందులో తేలింది. చేబదుళ్లు, ఉద్దెర, అన్నదమ్ముల ఆసరా ఒక ఇంటిని ఎలా నిలబెడతాయో ఎరువుల దుకాణదారుకు నేను చెప్పనక్కరలేదు. చిక్కంతా వాన ఊరందరికీ ఒకేసారి ముఖం చాటేసినప్పుడు వస్తుంది. అప్పుడు చేబదులు ఇవ్వవలసిన ఇంట్లోనూ గింజలుండవు.

ఆ లోటు తీర్చడానికే 2003లో మహబూబ్‌నగర్ జిల్లాలో పల్లి, ఆముదం రైతులకు వర్షపాత బీమా అమ్మకానికి వచ్చింది. ప్రపంచ బ్యాంకు నిపుణుల సహకారంతో ఐసీఐసీఐ లాంబార్డ్ అనే బీమా కంపెనీ దాన్ని రూపొందించగా, గ్రామాలలో అప్పటికే రుణాలిస్తున్న బేసిక్స్ సంస్థ అమ్మింది. ఎవరూ వచ్చి చేను చూడనక్కరలేదు. నిర్ణయించిన కేంద్రంలోని వర్షమాపకంలో నమోదైన వాన ఒప్పందంలోని హద్దు కంటే తగ్గితే పరిహారం వస్తుంది. కాగితం మీద ఇంత సులువైన బీమాను కరువు జిల్లా రైతులు ఎగబడి కొనాలి. కొన్నవారు కొద్దిమందే.

‘రైతులకు అవగాహన లేదు’ అని తేల్చి పారేయడం మనకు బాగా అలవాటు. టౌన్‌సెండ్ మరో ఇద్దరితో కలిసి 2008లో ప్రచురించిన అధ్యయనంలో ఒక వింత బయటపడింది. నష్టానికి ఎక్కువగా జంకే రైతే ముందుగా బీమా కొంటాడని సిద్ధాంతం చెబుతుండగా, ఇక్కడ అలాంటివారే తక్కువగా కొన్నారు. పంటకు జంకినవాడు ఆ కాగితానికీ జంకాడన్నమాట. తరువాత హార్వర్డ్ బిజినెస్ స్కూల్‌కు చెందిన షాన్ కోల్ తదితరులు అప్పటి ఆంధ్రప్రదేశ్‌లోనూ గుజరాత్‌లోనూ చేసి 2013లో ప్రచురించిన ప్రయోగాలలో కారణాలు మరింత విడివడ్డాయి. ధర తగ్గిస్తే కొనుగోళ్లు పెరిగాయి. అప్పటికప్పుడు చేతిలో డబ్బున్నవారు ఎక్కువగా కొన్నారు. తమకు తెలిసిన సంస్థ మనిషి పరిచయం చేసిన చోట బీమా గురించి చెప్పడానికి వచ్చిన వ్యక్తి మాటకు విలువ పెరిగింది. విత్తనాలకు, దుక్కికి డబ్బు వెదుక్కునే రోజుల్లోనే ప్రీమియం అడిగితే ఎవరు మాత్రం ఇస్తారు? అది గల్లా దగ్గర కూర్చున్న మీకూ తెలుసు. కానీ డబ్బు కొరత వల్ల ఎంత, నమ్మకం లేక ఎంత అని రెండింటినీ వేరుచేసి చూపడం ఒక్క దుకాణం అనుభవంతో అయ్యే పని కాదు. ఆ తేడా తెలియకపోతే, డబ్బు లేని రైతుకు అవగాహన సదస్సు పెట్టి చేతులు దులుపుకుంటారు.

నమ్మకం అనేది లెక్కకు అందని సరుకేమీ కాదు. 1967–68లో ఢిల్లీలోని భారత గణాంక సంస్థలో గడిపిన అమెరికన్ ఆర్థికవేత్త జార్జ్ అకర్లాఫ్, 1970లో ప్రచురించిన ప్రసిద్ధ పత్రంలో పాత కార్ల బజారును వివరిస్తూ, కావాలని రాళ్లు కలిపిన బియ్యాన్ని మన ఇల్లాళ్లు ఏరుకోవలసి రావడాన్నీ ఉదాహరించారు. సరుకు సంగతి అమ్మేవాడికే తెలిసి కొనేవాడికి తెలియనప్పుడు, నాసిరకం మంచి సరుకును బజారు నుంచి వెళ్లగొడుతుందని ఆయన వాదన. ఆ పత్రాన్ని మొదట పత్రికలు తిప్పిపంపాయి. 2001లో ఆయనకు నోబెల్ పురస్కారంలో భాగం దక్కింది. నకిలీ పత్తి విత్తనాల బెడద ఎరిగిన మీకు ఆ వాదన కొత్తగా తోచకపోవచ్చు. మూట మీద ధ్రువీకరణ చీటీ, రసీదు, దుకాణదారు మంచి పేరు ఎందుకు అంత విలువైనవో అది చెబుతుంది.

ఇక మీ అమ్మాయి సంగతి. ఆమెను ఆపకండి, అయితే అంశం ఎంచుకునేటప్పుడు ప్రశ్నావళులతో సరిపెట్టుకోవద్దని చెప్పండి. ఉద్దెర ఎప్పుడు తీరుస్తారని అడిగితే ఎవరైనా ‘పంట రాగానే’ అనే అంటారు. మీ పాత ఖాతా పుస్తకాలు చెదలు పట్టకుండా మిగిలి ఉంటే, రైతుల పేర్లు కనబడకుండా చేసి ఆమె చేతికివ్వండి. వాన తక్కువైన ఏడాది ఎవరెవరు ఎన్ని నెలలకు బాకీ తీర్చారో, మీరు ఎవరికి మిత్తి వదులుకున్నారో, ఆ మరుసటి వానకాలం వారిలో ఎందరు మళ్లీ మీ దుకాణానికే వచ్చారో ఆ పుటలలో ఉంటుంది.