పలచబడిందా, తగ్గిందా? మీ సీబీపీ రిపోర్టులు, నా జవాబులు

పోయిన నెల ఈ శీర్షికలో రక్తపరీక్షల గురించి రాసినప్పటి నుంచి నాకు ఉత్తరాల కంటే సీబీపీ (రక్తకణాల లెక్క చూసే పరీక్ష) రిపోర్టుల ఫోటోలే ఎక్కువ వస్తున్నాయి. కొన్నింట్లో అసలు ప్రశ్నే లేదు, ఒక అంకె చుట్టూ పెన్నుతో సున్నా చుట్టి పంపేశారు. నేను ల్యాబ్‌లో మైక్రోస్కోపు ముందు కూర్చునే డాక్టర్ని, కాన్పులు చేసే డాక్టర్ని కాదు. కణాల సంగతి నేను చెప్తాను, మందు మార్చే పని మాత్రం మిమ్మల్ని చూస్తున్న డాక్టర్ గారిదే.

ప్రశ్న: మేడమ్, నాకు ఇప్పుడు ఆరో నెల, 24 వారాలు. మూడో నెలలో హిమోగ్లోబిన్ 12.1 ఉంది, ఇప్పుడు 10.6కి వచ్చింది. ఐరన్ మాత్రలు వేసుకుంటూనే ఉన్నా ఎందుకు తగ్గింది? మా అత్తయ్య గారు "బిడ్డ రక్తం తాగేస్తోంది" అంటూ రోజుకు రెండు గ్లాసుల బీట్‌రూట్ జ్యూస్ తాగిస్తున్నారు. డాక్టర్ గారేమో "ఈ టైమ్‌లో మామూలే" అన్నారు. ఎవరి మాట వినాలి? రిపోర్టు ఫోటో పెట్టాను. – ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: ఇద్దరి మాటల్లోనూ సగం సగం నిజం ఉందమ్మా.

గర్భం వచ్చిన రెండో నెల నుంచే రక్తంలోని నీటి భాగం, అంటే ప్లాస్మా, పెరగడం మొదలవుతుంది. ఎనిమిదో నెల వచ్చేసరికి మామూలు కంటే 40 నుంచి 50 శాతం ఎక్కువవుతుంది. ఎర్ర కణాలూ పెరుగుతాయి, ఇంకా తయారు చెయ్యమని కిడ్నీలు ఎముక మూలుగకు కబురు పంపుతూనే ఉంటాయి, కానీ అవి పెరిగేది 20 నుంచి 30 శాతం దాకానే. కుండలో చిక్కటి మజ్జిగ ఉందనుకోండి, ఇంకో గరిటె పెరుగు వేసి, దానితోపాటు రెండు గ్లాసుల నీళ్లు కూడా పోశారు. కుండ మొత్తం మీద పెరుగు ఎక్కువైంది, గ్లాసులోకి వంచుకుంటే మాత్రం పలచగా ఉంటుంది. హిమోగ్లోబిన్ పరీక్ష చూసేది ఆ గ్లాసునే, కుండను కాదు. పలచబడ్డ రక్తం మాయలోకి సులువుగా పారుతుంది. మామూలు కాన్పులో అర లీటరు దాకా రక్తం పోయినా తల్లి తట్టుకోవడానికి కూడా ఈ ఏర్పాటు పనికొస్తుంది. నిజానికి రక్తం అసలు పలచబడకుండా చివరి నెలల్లోనూ 13 దాటి అలాగే ఉంటే, అబ్బ ఎంత బాగుందో అనుకోం, ఒకసారి బీపీ, బిడ్డ ఎదుగుదల చూడమంటాం.

అందుకే గర్భిణులకు గీత వేరే ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో మొదటి మూడు నెలలు, చివరి మూడు నెలలు 11 ఉండాలి, మధ్యలో 10.5 ఉన్నా సరిపోతుంది. మీ రిపోర్టు పక్కన అచ్చేసిన '12 నుంచి 15' గర్భం లేని ఆడవాళ్లది, ల్యాబ్ కంప్యూటర్‌కు మీకు ఆరో నెల అని తెలియదు కాబట్టి 10.6ని ఎర్ర అక్షరాల్లో పెట్టింది. ఇక్కడి దాకా మీ డాక్టర్ గారి మాటే కరెక్టు.

కానీ అదే కాగితంలో నాలుగు లైన్ల కింద ఎంసీవీ 74 అని ఉంది, దాన్ని ఎవరూ చూసినట్టు లేరు. ఎంసీవీ అంటే ఒక్కో ఎర్ర కణం సగటు సైజు, అది 80 పైన ఉండాలి. నీళ్లు కలిస్తే కణాలు దూరం దూరంగా జరుగుతాయే కానీ చిన్నవి కావు. చిన్నవయ్యాయంటే ముడిసరుకు చాలడం లేదని. ఇలాంటి రక్తం చుక్కను గాజు పలక మీద పరిచి రంగు వేసి చూస్తే తేడా కంటికే కనిపిస్తుంది: మంచి ఎర్ర కణం మధ్యలో మూడో వంతు మాత్రమే తెల్లగా ఉండి చుట్టూ నిండుగా ఉంటుంది, ఐరన్ లేని కణం అంచున సన్నటి గీత తప్ప లోపలంతా ఖాళీ, మట్టిగాజులు పళ్లెంలో ఒలకబోసినట్టు ఉంటుంది. మన దేశంలో 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో గర్భిణుల్లో 52 శాతం మందికి రక్తహీనత ఉందని తేలింది. ఇంతమందికి ఉన్నచోట 'మామూలే' అనే మాటను నేను కాస్త అనుమానంగానే వింటాను.

బిడ్డ రక్తం తాగదు, తల్లి రక్తం, బిడ్డ రక్తం మాయ దగ్గర పక్కపక్కనే పారతాయి కానీ కలిసిపోవు. ఐరన్‌ను మాత్రం బిడ్డ మొహమాటం లేకుండా లాక్కుంటుంది. గర్భం మొత్తానికి దాదాపు 1000 మిల్లీగ్రాముల ఐరన్ కావాలి, అందులో 300 దాకా బిడ్డకీ మాయకీ, మిగతాది ఎక్కువగా మీలో పెరిగే ఎర్ర కణాలకే. బీట్‌రూట్‌లో ఉన్నది రంగు, ఐరన్ చాలా తక్కువ. అత్తయ్య గారి మనసు నొప్పించకుండా జ్యూస్ బదులు మునగాకు, తోటకూర, నువ్వుల ఉండలు అడిగి చేయించుకోండి.

మీ డాక్టర్ గారిని రెండు పరీక్షలు అడగండి. ఒకటి ఫెరిటిన్, అంటే ఐరన్ నిల్వ. రెండోది హెచ్‌బీఏ2, అంటే ఒక రకం హిమోగ్లోబిన్ ఎంత ఉందో చూసేది, ఎందుకంటే తలసీమియా అనే వంశపారంపర్య రక్తజబ్బు జన్యువు మోసేవాళ్లలో కూడా కణాలు ఇలాగే చిన్నగా ఉంటాయి. మీ ఆర్‌బీసీ, అంటే ఎర్ర కణాల లెక్క, పెరగకుండా 4.4 దగ్గరే ఉంది కాబట్టి నాకు ఐరన్ మీదే ఎక్కువ అనుమానం, అయినా ఆ పరీక్ష చేయించుకోవడం మంచిది. ఒకవేళ జన్యువు ఉందని తేలితే మీ వారికీ అదే పరీక్ష వెంటనే చెయ్యాలి.

ప్రశ్న: ఏడో నెల. తెల్ల కణాలు 14,200 వచ్చాయి, పక్కన 'హై' అని ఉంది. జ్వరం లేదు, ఏమీ లేదు. మందుల షాపులో చూపిస్తే ఇన్‌ఫెక్షన్ అని ఐదు రోజులకు యాంటీబయాటిక్ ఇచ్చారు. వేసుకోనా? – కరీంనగర్

జవాబు: వేసుకోకండి. మీ డాక్టర్ చెప్తే తప్ప ఆ స్ట్రిప్ ముట్టుకోకండి.

మామూలుగా 4,000 నుంచి 11,000 దాకా ఉండే తెల్ల కణాలు గర్భంలో 15,000 దాకా పోవడం మేం రోజూ చూసేదే. పెరిగేవి దాదాపు అన్నీ న్యూట్రోఫిల్స్, అంటే సూక్ష్మజీవుల మీద ముందుగా దూకే కణాలు. గర్భంలో ఒంట్లో కార్టిజోల్ ఎక్కువగా ఉంటుంది, దానివల్ల రక్తనాళాల గోడలకు అంటుకుని ఉన్న కణాలు కదిలి ప్రవాహంలోకి వస్తాయి, మూలుగ కూడా కొత్తవాటిని తొందరగా వదులుతుంది. ఇక నొప్పులు మొదలైన రోజున పరీక్ష చేస్తే 25,000 కూడా కనిపించవచ్చు. ఒకసారి అర్ధరాత్రి అలాంటి రిపోర్టు నా టేబుల్ మీదకు వచ్చింది, ఆ కాగితంలో పేరూ వయసూ తప్ప ఏమీ లేదు, కొత్తగా చేరిన మా టెక్నీషియన్ "మేడమ్, ఇది బ్లడ్ కేన్సరా?" అని చెమటలు పట్టి నిలబడ్డాడు. వార్డుకు ఫోన్ చేస్తే ఆవిడ అప్పటికే ఆడపిల్లను కని, టీ అడుగుతోందట.

అంకె ఒక్కటే చూసి యాంటీబయాటిక్ వేసుకోవడం తప్పు, అలాగని గర్భిణికి ఇన్‌ఫెక్షన్ రాదనీ కాదు. జ్వరం, చలి, మూత్రంలో మంట, నడుము పక్కన నొప్పి, వాసన వచ్చే తెల్లబట్ట, ఉమ్మనీరు కారడం, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా అంకె ఎంతున్నా సరే అదే రోజు వెళ్లండి. ఏమీ లేకపోయినా మూత్రం కల్చర్ ఒకటి చేయించుకున్నారో లేదో పాత కాగితాల్లో చూసుకోండి, ఎందుకంటే గర్భంలో మూత్రంలో ఇన్‌ఫెక్షన్ చడీచప్పుడు లేకుండా కూడా ఉంటుంది.

ప్రశ్న: నాకు 23 ఏళ్లు, హైదరాబాద్‌లో ఉద్యోగం. ఆఫీసు హెల్త్ చెకప్ రోజే పీరియడ్స్ వచ్చాయి. రక్తం ఇవ్వొచ్చా, కౌంట్ తప్పు వస్తుందా? ఇంకో విషయం, హిమోగ్లోబిన్ 12.3 ఉన్నా మధ్యాహ్నానికే నీరసం, జుట్టు ఊడుతోంది. చెప్పడానికి సిగ్గుగా ఉంది కానీ డబ్బాలోంచి పచ్చి బియ్యం తీసుకుని నములుతూ ఉంటాను. పీరియడ్ ఏడు రోజులు ఉంటుంది, మొదటి రెండు రోజులు రాత్రి లేచి ప్యాడ్ మార్చాలి. – పేరు వద్దు

జవాబు: రక్తం నిక్షేపంగా ఇవ్వొచ్చు. నెలసరి రోజుల్లో ఇవ్వకూడనిది మూత్రం, అందులో ఎర్ర కణాలు కలిసి లేనిపోని కంగారు పెడతాయి, అది ఓ వారం ఆగి ఇవ్వండి.

నెల పొడుగునా కణాలు కాస్త అటూ ఇటూ అవుతాయన్న మాట నిజమే. అండం విడుదలయ్యాక, నెలసరికి ముందున్న రెండు వారాల్లో తెల్ల కణాలు కొంచెం ఎక్కువగా ఉంటాయి, నెలసరి మొదలయ్యాక దిగుతాయి. ఈ తేడాలన్నీ నార్మల్ హద్దుల లోపలే జరుగుతాయి కాబట్టి మీ రిపోర్టు మీద పెద్ద ప్రభావం ఉండదు. ఒక నెలసరిలో సగటున పోయే రక్తం 30 నుంచి 40 మిల్లీలీటర్లు, బయటికొచ్చేదాంట్లో మిగతాది గర్భాశయం పొర, స్రావాలు. ఒంట్లో నాలుగు లీటర్లకు పైగా ఉంటుంది, అంటే ఒక శాతం. మూలుగకు అది ఒక లెక్క కాదు.

లెక్కలోకి వచ్చేది ఐరన్. ఒక మిల్లీలీటరు రక్తంలో సుమారు అర మిల్లీగ్రాము ఐరన్ ఉంటుంది. తిండిలోంచి మన పేగులు రోజుకు పట్టుకోగలిగేది ఒకటీ రెండు మిల్లీగ్రాములు. నెలసరి ఎక్కువగా అయ్యేవాళ్లకు 80 మిల్లీలీటర్లు దాటి పోతుంది, అంటే 40 మిల్లీగ్రాముల పైనే ఒక్క వారంలోనే ఖర్చు. చర్మం, పేగుల నుంచి రోజూ పోయే ఒక మిల్లీగ్రాము దీనికి అదనం. నెలంతా తిన్నది చాలదు. అప్పుడు ఒళ్లు ముందుగా నిల్వ ఖాళీ చేస్తుంది, హిమోగ్లోబిన్‌ను చివరి దాకా కాపాడుకుంటూ వస్తుంది. మీ 12.3 అలాంటిదేనని నా అనుమానం, ఇంట్లో దీపాలు వెలుగుతున్నాయి కానీ బీరువా ఖాళీ. ఫెరిటిన్ చేయించండి, 15 కంటే తక్కువ వస్తే ఇక సందేహమే లేదు. ఇన్‌ఫెక్షనో వాపో ఉన్నప్పుడు అది ఎక్కువగా చూపిస్తుంది కాబట్టి జలుబూ జ్వరం ఉన్న రోజున వద్దు.

బియ్యం సంగతికి సిగ్గెందుకు? బియ్యం తింటే పెళ్లికి వాన పడుతుందని చిన్నప్పుడు మా అమ్మమ్మ కూడా నన్ను తిట్టేది, బలపాలు తినే పిల్లల్ని బడిలో అందరం చూసినవాళ్లమే. బియ్యం, మట్టి, సుద్ద, ఐసు ముక్కలు నమలాలనిపించడం చాలాసార్లు ఐరన్ లోటుకు గుర్తు. ఐరన్ సరిపడా అందాక ఆ యావ చాలామందిలో దానంతట అదే పోతుంది. అయితే మాత్రలు ఒక్కటే వేసుకుని ఊరుకోవద్దు. గంటకో రెండు గంటలకో ప్యాడ్ నిండుతున్నా, పది రూపాయల బిళ్లంత గడ్డలు పడుతున్నా గైనకాలజిస్టును కలవండి, థైరాయిడ్, ఫైబ్రాయిడ్ లాంటివి చూడాలి. చిగుళ్ల నుంచీ, ముక్కు నుంచీ కూడా తరచూ రక్తం వస్తుంటే ఆ మాట తప్పకుండా చెప్పండి, రక్తం గడ్డకట్టే గుణంలో పుట్టుకతో వచ్చే లోపం చాలామంది ఆడపిల్లల్లో భారీ నెలసరి రూపంలోనే మొదట బయటపడుతుంది.

ప్రశ్న: డాక్టర్ గారూ, నా భార్యకు తొమ్మిదో నెల. ప్లేట్‌లెట్లు 1 లక్షా 28 వేలు వచ్చాయి. డెంగీ అని భయపడి బొప్పాయి ఆకు రసం తెచ్చాను, తను తాగనంటోంది. – వరంగల్

జవాబు: ఆవిడదే తెలివి. పారబోయండి.

గర్భం చివర్లో ప్లేట్‌లెట్లు తగ్గడం నూటికి ఐదారుగురి నుంచి పదిమందిలో కనిపిస్తుంది, చాలామందిలో లక్ష పైనే ఆగుతాయి, కాన్పయ్యాక కొద్ది వారాల్లో వాటంతట అవే పెరుగుతాయి. నీరు కలవడం ఒక కారణం, మాయ దగ్గర ప్లేట్‌లెట్లు ఎక్కువగా ఖర్చవడం ఇంకోటి. ముందుగా ల్యాబ్‌ను ఒక మాట అడగండి: స్మియర్ (గాజు పలక మీద పరిచిన రక్తం చుక్క) చూశారా అని. ఊదా మూత ట్యూబులో ఉండే మందుకు కొందరి ప్లేట్‌లెట్లు గుంపులుగా అతుక్కుపోతాయి, మిషన్ ఆ గుంపును ప్లేట్‌లెట్‌గా లెక్కపెట్టదు, అంకె ఉత్తుత్తిగా పడిపోతుంది. మేం మైక్రోస్కోపులో చూసి వేరే ట్యూబులో మళ్లీ తీయిస్తాం.

మీరు భయపడాల్సింది బొప్పాయి రసం గురించీ 1.28 గురించీ కాదు. బీపీ పెరగడం, తగ్గని తలనొప్పి, కళ్లు మసకబారడం, కుడి డొక్క పైభాగంలో నొప్పి, మొహం వాపు. వీటితో ప్లేట్‌లెట్లు పడుతున్నాయంటే అది తల్లికీ బిడ్డకీ ప్రాణాపాయం, అర్ధరాత్రైనా బయలుదేరండి. జ్వరం ఉంటే డెంగీ పరీక్ష. లక్ష కంటే దిగితే కారణం వెతకాల్సిందే. గర్భం రాకముందు రిపోర్టు ఏదైనా ఇంట్లో ఉంటే వెతికి పట్టుకెళ్లండి, అప్పుడు కూడా తక్కువే ఉంటే కథ వేరు.

ప్రశ్న: ఏఎన్ఎం అమ్మ ఇచ్చిన ఎర్ర మాత్రలు వేసుకుంటే బిడ్డ నల్లగా పుడుతుందని మా ఆడపడుచు అంటోంది. కడుపులో వికారం కూడా. కాన్పు కాగానే ఆపెయ్యొచ్చా? – పాడేరు దగ్గర ఒక ఊరు

జవాబు: నల్లబడేది బిడ్డ కాదు, మీ విరేచనం. ఒంటికి పట్టని ఐరన్ అలా పోతుంది, అంతే. వికారంగా ఉంటే రాత్రి అన్నం తిన్న రెండు గంటలకు, పడుకోబోయే ముందు నిమ్మరసంతో వేసుకోండి. టీ, కాఫీ, పాలు, కాల్షియం బిళ్ల దగ్గరికి రానివ్వొద్దు, కనీసం రెండు గంటల ఎడం ఉండాలి.

ఆ మాత్రలో 60 మిల్లీగ్రాముల ఐరన్‌తో పాటు 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఉంటుంది. అది తగ్గితే ఎర్ర కణాలు చిన్నవి కావు, ఉబ్బి పెద్దవవుతాయి, సరిగా ఎదగవు. బొంబాయి బట్టల మిల్లుల్లో పనిచేసే గర్భిణులకు వచ్చే ఇలాంటి రక్తహీనత ఈస్ట్ సారంతో తగ్గుతుందని 1930ల మొదట్లో లూసీ విల్స్ అనే ఇంగ్లీషు డాక్టరమ్మ చూపించింది. ఆ గుణమున్న ఫోలిక్ యాసిడ్‌ను 1940ల్లో అమెరికాలో తయారు చేసిన బృందానికి పెద్ద మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు. ఆయన అన్నదమ్ములు స్ప్రూ అనే పేగు జబ్బుతో పోయారు, ఆ జబ్బుకూ ఫోలిక్ యాసిడ్ మందైంది. మీ ఆడపడుచుకు ఈ కథ చెప్పండి, రంగు గొడవ కాసేపు మర్చిపోతుంది.

ఆపొద్దు. గర్భంలో 180 రోజులు, కాన్పయ్యాక ఇంకో 180 రోజులు వేసుకోవాలి. మీ ప్రాంతంలో సికిల్ సెల్ (ఎర్ర కణాలు కొడవలిలా వంగిపోయే వంశపారంపర్య జబ్బు) కూడా ఉంది కాబట్టి ఆ పరీక్ష ఇంతవరకు అవకపోతే ఏఎన్ఎం గారిని అడిగి చేయించుకోండి.

ప్రశ్న: అయిదో నెలలో ఈఎస్ఆర్ 48. టీబీయా? – నెల్లూరు

జవాబు: ఎర్ర కణాలు ట్యూబులో ఎంత తొందరగా కిందికి దిగుతాయో చూసేదే ఈఎస్ఆర్. గర్భంలో ఫైబ్రినోజెన్ పెరిగి కణాలు నాణేల దొంతరల్లా అతుక్కుంటాయి, బరువెక్కి తొందరగా దిగుతాయి. రెండు వారాలు దాటిన దగ్గు, సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం లేకపోతే ఈ 48ని పక్కన పెట్టండి. ఉంటే చెయ్యాల్సింది కళ్లె పరీక్ష, మళ్లీ ఈఎస్ఆర్ కాదు.

ఇంకో పదిహేను రిపోర్టులు నా దగ్గర మిగిలాయి. వాటిలో తొమ్మిదింటి మీద ఎన్నో నెలో రాయలేదు, గర్భిణో కాదో కూడా తెలియదు. దయచేసి అది రాసి మళ్లీ పంపండి, వచ్చే నెల చూస్తాను.