‘గివ్ అప్’లో ఇచ్చేదేమిటి?

పాఠకుల ఇంగ్లిషు సందేహాలకు పర్లాకిమిడి విశ్రాంత ఉపాధ్యాయుడి జవాబులు

ప్రశ్న: మాస్టారూ, ‘గివ్’ అంటే ఇవ్వడం, ‘అప్’ అంటే పైకి. రెండూ కలిస్తే మానేయడం ఎలా అయింది? మా పుస్తకంలో ఇలాంటి క్రియలకు పెద్ద పట్టిక ఇచ్చారు. అంతా బట్టీ పట్టాల్సిందేనా?
– డిగ్రీ విద్యార్థిని, పర్లాకిమిడి

జవాబు: పట్టిక కాస్త పక్కన పెట్టమ్మా. ముందు నువ్వు రాసిన ‘మానేయడం’ సంగతి చూద్దాం. అందులో ‘మాను’ వెనక ‘వేయు’ ఉంది. మానినవాడు ఏం వేశాడు, ఎక్కడ వేశాడు? ‘పడిపోయాడు’ అంటాం, పడ్డవాడు ఎక్కడికీ పోలేదు, పడ్డచోటే ఉన్నాడు. ‘చూసుకో’ అంటే చూసి కొనమని కాదు. బజారులో రోజూ వినే ఒడియానే తీసుకో. ‘ఖాయిదెలా’ అంటే తినేశాడు. విడదీస్తే ‘తిని ఇచ్చాడు’ అని వస్తుంది. ఎవరికి ఇచ్చాడని ఒడియావాళ్లెవరూ అడగరు.

అసలు క్రియ పక్కన చేరిన చిన్న క్రియ తన సొంత అర్థం వదులుకుని వేరే పని చేస్తోంది. ఇంగ్లిషులో ఆ పని ‘అప్’, ‘ఆఫ్’, ‘అవుట్’ వంటి చిన్న మాటలకు అప్పగించారు. ‘అప్’ చాలాచోట్ల మన ‘వేయు’ లాగే పని పూర్తయిందని చెబుతుంది. ‘ఈట్’ తినడం, ‘ఈట్ అప్’ మిగల్చకుండా తినేయడం. ‘టేర్’ చింపడం, ‘టేర్ అప్’ ముక్కముక్కలుగా చింపేయడం. డబ్బాలో నూనె చుక్క లేకుండా వాడేస్తే ‘యూజ్ అప్’. ‘గివ్ అప్’కు అప్పగించేయడం, లొంగిపోవడం అనే అర్థం ఇప్పటికీ ఉంది. కోట శత్రువుకు అప్పగించినవాడు పోరు మానేసినట్టే కదా. అక్కడి నుంచి సిగరెట్టు మానేయడం దాకా ఎంతో దూరం లేదు.

అయితే ఈ తాళంచెవి అన్ని తలుపులకూ పట్టదు. ‘టర్న్ అప్’ అంటే వచ్చి చేరడం. ‘లుక్ అప్’ అంటే నిఘంటువులో వెతకడం కూడా. ‘మేక్ అప్’ సంగతి చెప్పనే అక్కర్లేదు: లేనిది కల్పించినా, తగవు పడ్డవాళ్లు రాజీపడినా, ముఖానికి రంగు పూసుకున్నా అదే మాట. ఇలాంటివి వాక్యంతో పాటు నేర్చుకోవాలి, అర్థంతో పాటు కాదు. నీకు కష్టంగా ఉందని దిగులుపడకు. 1755లో తన నిఘంటువు అచ్చువేసిన శామ్యూల్ జాన్సన్, పరభాషలవారికి అన్నిటికంటే కష్టం ఈ జాతి క్రియలతోనేనని ముందుమాటలోనే ఒప్పుకున్నాడు. ‘సెట్ ఆఫ్’, ‘సెట్ ఇన్’, ‘సెట్ అవుట్’ వంటివి శ్రద్ధగా నమోదు చేశానని కూడా చెప్పుకున్నాడు. వీటికి ‘ఫ్రేజల్ వర్బ్’ అన్న పేరు ఆయన నాటికి లేదు. అది 1925 నుంచే ప్రచారంలోకి వచ్చింది.

ప్రశ్న: బరంపురంలో మాది పట్టుచీరల దుకాణం. విదేశంలో ఉండే ఖాతాదారు ఒకామె, ఇంట్లో పెళ్లి ‘పుట్ ఆఫ్’ అయిందని ఫోనుకు సందేశం పంపారు. పెళ్లి తప్పిపోయిందనుకుని, ఆమె కోసం తీసిపెట్టిన చీర, మగవారు కట్టే పట్టుబట్టల జోడు వేరేవారికి అమ్మేశాం. నెల తిరక్కుండా ఆమె డబ్బు పట్టుకుని వచ్చారు. తప్పెవరిది?

జవాబు: మీదే. కాకపోతే మిమ్మల్ని తప్పుదారి పట్టించింది ‘ఆఫ్’. దీపం ఆఫ్ చేస్తే ఆరిపోతుంది, పంపు ఆఫ్ చేస్తే ఆగిపోతుంది, కాబట్టి పెళ్లి కూడా ఆగిపోయిందనుకున్నారు. ‘పుట్ ఆఫ్’లోని ‘ఆఫ్’ దూరాన్ని చెబుతుంది: తేదీని అవతలికి జరిపారు, అంటే వాయిదా. రద్దయితే ‘కాల్ ఆఫ్’. మొదటిదానికి మరో ముహూర్తం ఉంటుంది, రెండోదానికి ఉండదు. వ్యాపారస్తులు ఈ రెండూ దుకాణం గోడ మీద రాసిపెట్టుకోవాలి. ‘పుట్’ను అప్పుడే వదలకండి. ‘పుట్ అప్ విత్’ అంటే ఓర్చుకోవడం. ప్రస్తుతం మీ ఖాతాదారు చేయవలసింది అదే. త్వరగా ఇంకో చీర నేయించి ఇవ్వండి, ధర దగ్గర పేచీ పెట్టకండి.

ప్రశ్న: విదేశీ సంస్థ ఇంటర్వ్యూలో 2019లో ‘పాస్డ్ అవుట్’ అన్నాను. అవతలి ఆయన నవ్వు ఆపుకున్నట్టు కనిపించింది.
– కాగితపు మిల్లు ఉద్యోగి, రాయగడ

జవాబు: 2019లో స్పృహ తప్పి పడిపోయానని చెప్పారు మరి. సైనిక శిక్షణ ముగించినవారి కవాతును ‘పాసింగ్ అవుట్ పరేడ్’ అంటారు. కళాశాల చదువుకు ఆ మాట వాడేది ఎక్కువగా మన దేశంలోనే. బయటివాళ్లతో ‘గ్రాడ్యుయేటెడ్’ అనండి. దరఖాస్తును మనం ‘ఫిల్ అప్’ చేస్తాం. బ్రిటన్‌లో ‘ఫిల్ ఇన్’, అమెరికాలో ‘ఫిల్ అవుట్’. ‘ఫిల్ అప్’ పెట్రోలు ట్యాంకుకు ఉంచండి.

ప్రశ్న: ఆఫీసు ఉత్తరాల్లో ఈ క్రియలు రాయవచ్చా? మా పై అధికారి కొట్టేస్తున్నారు.
– గుమాస్తా, జయపురం

జవాబు: ఉత్తరంలో ‘పోస్ట్‌పోన్’, ‘టాలరేట్’ రాయండి, అధికారితో తగవెందుకు? కాని మాట్లాడేటప్పుడు కూడా అవే పట్టుకుని వేలాడితే వినేవాడికి మీరు గ్రాంథికం చదువుతున్నట్టే ఉంటుంది. మన చదువులో వచ్చిన చిక్కే ఇది: లాటిన్ నుంచి వచ్చిన బరువైన మాటలు ముందు నేర్పారు, ఇంగ్లిషువాడు ఇంట్లో వాడే ‘పుట్ ఆఫ్’ను ఆఖరి అధ్యాయంలోకి నెట్టారు. గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన ఊరివాణ్ని, నాకు ఈ విషయంలో కాస్త కోపం ఎక్కువే. యేట్స్ అనే ఆంగ్లేయ పాఠశాలల అధికారి తెలుగు నేర్చుకోబోయి, పుస్తకంలో ఒక తెలుగు, వీధిలో ఇంకో తెలుగు కనిపించేసరికి తెల్లబోయాడు. ఆయన వేసిన ప్రశ్న పంతులుగారి వాడుకభాషా ఉద్యమానికి ఒక ప్రేరణ. 1936 ఏప్రిల్ 1న మా ఊరు ఒడిశాలో చేరింది. ఇంగ్లిషు పాఠం మాత్రం ఇంకా గ్రాంథికంలోనే ఉంది.

ప్రశ్న: మా అబ్బాయి ‘టర్న్ ఆఫ్ ఇట్’ అంటాడు. తప్పని తెలుసు, ఎందుకో చెప్పలేకపోతున్నాను.
– గృహిణి, గుణుపురం

జవాబు: దీపం పేరు చెబితే ‘ఆఫ్’ ముందున్నా వెనకున్నా ఫరవాలేదు. ‘ఇట్’, ‘దెమ్’ వంటి సర్వనామం వస్తే మాత్రం అది మధ్యలోనే కూర్చోవాలి: ‘టర్న్ ఇట్ ఆఫ్’. ఇంతలో ‘లుక్ ఆఫ్టర్’ ఎదురై పిల్లవాణ్ని మళ్లీ తికమక పెడుతుంది. అది విడిపోదు, ‘లుక్ ఆఫ్టర్ హిమ్’ అనాలి. గొంతెత్తి చదివించండి. ‘టర్న్ ఇట్ ఆఫ్’లో ఊనిక ‘ఆఫ్’ మీద పడుతుంది. సూత్రం కంటే చెవికి ముందు పట్టుబడుతుంది.

ప్రశ్న: ‘కోప్ అప్ విత్’ సరైనదేనా?
– పేరు రాయలేదు, పలాస తపాలా ముద్ర ఉన్న కవరు

జవాబు: ‘అప్’ తీసేయండి.