ఫ్లోరింగ్ ఒక మూల కుంగితే చూడాల్సింది ఇసుకనే

తిరుచానూరులోని మీ ఇంట్లో బీరువా పెట్టిన మూల ఫ్లోరింగ్ కుంగిందని, అది టైల్స్ వేసిన మేస్త్రి తప్పేమోనని అడిగారు. మీరు ఆయన్ని అనుమానిస్తున్నారు గానీ, బరువున్న ఆ మూలే కుంగిందంటే కారణం దాదాపుగా కింద నింపిన ఇసుకే, రెండడుగుల ఎత్తు ఇసుకనూ ఒకేసారి పోసేసి పైపైన దిమ్మిస కొట్టి ఉంటారు. కాస్త చెమ్మ ఉన్న ఇసుక ఉబ్బి ఉంటుంది, బరువు పడ్డాక గింజలు జారి మధ్య ఖాళీల్లోకి దిగుతాయి.

1. ఆ మూల టైల్స్, కాంక్రీటు తీసి ఇసుక తోడేయండి.
2. మళ్లీ అరడుగు పొరలుగా పోయండి.
3. అందరూ వదిలేసేది ఇదే: ప్రతి పొరనూ నీళ్లతో పూర్తిగా తడిపి ప్లేట్ వైబ్రేటర్ (అడుగున ఉన్న ఇనుప పలకతో ఇసుకను వణికించి బిగించే యంత్రం) తిప్పించండి. దిమ్మిస దెబ్బకు ఇసుక పక్కకు జరుగుతుంది, వణికిస్తేనే గింజలు సర్దుకుంటాయి. అలా బిగిసిన ఇసుకలో ఒక గింజ కదలాలంటే పక్క గింజ మీదికి ఎక్కాల్సిందే, దాని అదనపు బలం అక్కడి నుంచే వస్తుంది. ఊరికే చిలకరిస్తే ఇంకా ఉబ్బుతుంది, దయచేసి ఆ పని చేయనివ్వకండి.
4. మడమతో గట్టిగా తొక్కినా గుంట పడకపోతే కాంక్రీటు వేయించండి.